మిషను చెప్పని సంగతి

భార్య లక్ష్మీకుమారి పోయిన రోజు స్కూటరు నడిపింది రామాంజనేయులే. మద్నూరు దగ్గర లారీ ఎదురొచ్చింది. అతను మట్టిలో పడ్డాడు, ఆమె రోడ్డు మీద పడింది. బాన్సువాడ బడిలో లెక్కలు చెప్పే మనిషి, ఆ రోజు గురించి అంతకుమించి ఎవరికీ చెప్పలేదు.

అది 2006. అప్పటినుంచి కూతురు భావనకు చదువు మీద మనసు నిలవడం లేదు. పుస్తకం తెరిచి గోడ చూస్తూ కూర్చుంటుంది. మూర్ఛ కాదని డాక్టరు పరీక్షలు చేసి తేల్చాడు. నిజామాబాదులో మెదడు అలలకు తర్ఫీదిచ్చే చోటు ఒకటి ఉందని ఆయనే చెప్పాడు. గుణం కనిపిస్తుందని మాత్రం గట్టిగా అనలేదు.

రామాంజనేయులు ఆశ వేరు. అమ్మను నాన్నే చంపాడని పిల్ల అనుకుంటోందా? అక్కడి మిషను చెబుతుందేమో.

ఆదివారం పొద్దున్నే, భార్య చేసినట్టే, కొబ్బరినూనె మాడుకు ఇంకేదాకా మర్దనా చేసి, రెండు జడలు వేసి పిల్లను తీసుకెళ్లాడు.

తలకు వైర్లు అతికించే షాగుఫ్తా జుట్టు ముట్టుకుని నవ్వింది. "ఏంది సార్, గింత నూనె! పూరీలు కాల్చొచ్చు. వైరు నిలుస్తదా?"

"అమ్మయితే ఇంకా ఎక్కువ పెట్టేది," అంది భావన.

ఏడాదిగా ఆ పిల్ల నోట అమ్మ మాట రాలేదు. రామాంజనేయులు తలుపు వైపు చూశాడు.

షాంపూతో తల కడిగి, తుడిచి, మళ్లీ కూర్చోబెట్టారు. ఎదుటి తెర మీద ఓ పడవ.

"మనసు పెట్టమ్మా," అన్నాడు, బడిలో అన్నట్టే. కదలబోయిన పడవ ఆగిపోయింది.

"గట్ల అనకుండ్రి సార్. జోర్ చేస్తే ఆగుతది. ఊకె చూస్తుంటే అలలు నిమ్మళమైతయ్, పడవ నడుస్తది. మెదడు గా తీరు మెల్లగ నేర్చుకుంటది."

అతను వెనక్కి జరిగి కూర్చున్నాడు. పడవ కదిలింది. కాసేపటికి పక్క తెర మీద ఆమె మెదడు అలల గీతలు ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి.

"ఇప్పుడేమనుకుందమ్మా?" అని షాగుఫ్తాను గుసగుసగా అడిగాడు.

"గది మిషనుకేమెరుక సార్? బిడ్డ గీడనే ఉన్నది గద, అడుగుండ్రి."

భావన ఇటు తిరిగింది. "ఏంటి నాన్నా?"

"ఏం లేదు. పడవ చూడు."

ఇరవై ఆదివారాలు వెళ్లారు. భావన ఇప్పుడు ఒక పేజీ చివరిదాకా చదువుతుంది. రామాంజనేయులు ఆమెను ఆ మాట ఇంకా అడగలేదు.