అరువు ఊపిరి

నేను ఒక రబ్బరు సంచిని. నల్లగా, కొబ్బరికాయంత ఉంటాను. ఊపిరి ఆగిన మనిషి ముక్కూ నోరూ కప్పేలా నా మూతి ఆనించి నన్ను నొక్కితే గాలి లోపలికి పోతుంది. వదిలితే మళ్ళీ ఉబ్బుతాను. నా చదువంతా ఇంతే. డాక్టర్లు నాకేదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారుగానీ చీరాలలో అందరూ గాలిసంచి అనే పిలిచారు.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, బజారు వెనక ఒక చిన్న నర్సింగ్ హోముకి వచ్చాను. ఖరీదైనదాన్నని పెద్ద డాక్టరుగారు నన్ను ఆపరేషన్ గది మూలనున్న అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయించారు. వెండికంచం కొని, అందులో ఎవరూ అన్నం తినకుండా కాపలా కాస్తారే, అలా. తాళంచెవి ఆయన భార్య నడుముకి వేలాడేది.

విశ్వనాథంగారు హెర్నియా ఆపరేషన్‌కి వచ్చింది అప్పుడే. బట్టల కొట్టు ఆయనది. బల్ల ఎక్కుతూ నర్సుని అడిగాడు.

"సాయంత్రం కొట్టు తీసే వేళకి లేస్తానా అమ్మాయ్?"

"లేవడమేంది బాబాయిగారూ, బేరాలు కూడా చేస్తారు!"

గొంతులోకి గొట్టం దించడానికి ఒంటి కండరాలన్నిటినీ వదులు చేసే ఇంజెక్షన్ ఒకటుంది. దాంతో కాసేపు ఊపిరి కూడా ఆగుతుంది. మామూలు మనిషికైతే కాఫీ చల్లారేలోపు తిరిగొస్తుంది. ఆయనకి రాలేదు. గొట్టమూ సరిగా దిగలేదు. నాకోసం పరిగెత్తుకొచ్చారు. తాళంచెవి పేరంటానికి వెళ్ళింది. అద్దం పగలగొట్టవచ్చన్న సంగతి అంతంత చదువులు చదివినవాళ్ళకి తట్టేసరికి ఆలస్యమైపోయింది. ఆయన ముఖం నీలంగా మారడం అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

ఊపిరి తిరిగి రాలేదని నర్సు ఆయన అక్క కనకరత్నంతో చెప్పింది. ఆవిడ ఇల్లు చేరేసరికి అది గుండెపోటయింది. గుండెపోటు మర్యాదైన చావు, విన్నవాళ్ళు పాపమంటారు. ఊపిరి రాలేదంటే మాత్రం ఆ వంశంలో ఏదో ఉందంటారు. ఇంట్లో ఆడపిల్లలు ఎదుగుతున్నారాయె. సొంత చెల్లెలు సుభద్రకి కూడా ఆవిడ గుండెపోటనే చెప్పింది.

ఏళ్ళు గడిచాయి. మత్తు ఇవ్వడానికి మెహరున్నీసా అనే కొత్త డాక్టరమ్మ వచ్చింది. వస్తూనే నన్ను బీరువాలోంచి తీయించి బల్ల తలాపున కొక్కేనికి తగిలించింది. ఆమె దగ్గరికే కనకరత్నం తన కూతురు మణిమాలని అపెండిసైటిస్‌తో తీసుకొచ్చింది. కాబోయే వియ్యపురాలు పలకరింపుకని వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

"మీవాళ్ళలో ఎవరికన్నా ఆపరేషన్ అప్పుడు ఊపిరి తిరిగి రావడం ఆలస్యమైందా అమ్మా?" డాక్టరమ్మ కనకరత్నాన్ని అడిగింది.

కనకరత్నం వరండా వైపు చూసింది. "అబ్బే, మావాళ్ళంతా ఉక్కుపిండాలండీ."

ఆపరేషన్ అయింది. ఊపిరి మాత్రం రాలేదు. ఊపిరి పోసే యంత్రాలు ఆ రోజుల్లో అంత చిన్న ఆసుపత్రిలో ఎక్కడివి? ఉన్నది నేనే. డాక్టరమ్మ నొక్కింది, నర్సు నొక్కింది. ఇద్దరి చేతులూ పడిపోతుంటే తల్లిని పిలిచారు. ఏళ్ళ తరబడి చపాతీ పిండి పిసికిన చెయ్యి, లయ తప్పలేదు. నన్ను నొక్కుతూనే, తలుపు అవతలికి వినపడకుండా, ఆవిడ గొణిగింది.

"మా తమ్ముడూ ఇట్టాగే పోయాడమ్మా."

మణిమాల నాడి మీంచి వేలు తీయకుండానే డాక్టరమ్మ అంది. "ముందే చెప్పుంటే ఆ ఇంజెక్షన్ జోలికే పోయేదాన్ని కాదు కదమ్మా. వేరే మందుంది." మళ్ళీ తనే నిదానంగా చెప్పింది. "ఆ మందుని విరిచేసే పదార్థం ఒకటి రక్తంలో ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే అది సరిగా పనిచెయ్యదు. ఆ లోపం అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వస్తే ఇట్టా అవుతుంది. మేనరికాల ఇళ్ళలో ఎక్కువ. ఇది జబ్బు కాదు. ఈ మందు ఇచ్చేదాకా బయటపడదు కూడా."

"పెళ్ళికి అడ్డమా అమ్మా?"

"పెళ్ళికేం అడ్డం? దాచిపెడితే ఆపరేషన్‌కే అడ్డం. మీ రక్తసంబంధీకులందరికీ చెప్పండి."

"అట్టాగేనమ్మా."

పొద్దు వాలేవేళకి మణిమాల తనంతట తాను ఊపిరి తీసుకుంది. కనకరత్నం ఫోను మోగింది. అవతల సుభద్ర.

"ఏముందే, బ్రహ్మాండంగా అయింది. చీమ కుట్టినట్టయినా లేదు."

ఆవిడ చేతి వేడి ఇంకా నా ఒంటి మీదే ఉంది. ఎంతోమంది రొమ్ముల్లోకి గాలి ఊదినదాన్ని, ఆ ఫోనులోకి ఒక్క మాట ఊదలేకపోయాను.

మరుసటి వేసవిలో సుభద్ర తన కొడుకుని టాన్సిల్స్ ఆపరేషన్‌కి తీసుకొచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది.

"అబ్బే! పోయినేడు మా కనకరత్నమక్క కూతురికి మీరేగా చేసింది? చీమ కుట్టినట్టయినా లేదంటగా!"

డాక్టరమ్మ చేతిలో సిరంజి ఆగింది. దాన్ని పక్కన పెట్టి వేరే మందు తీసింది. "మీ అక్కకి ఒకసారి ఫోన్ కలపండి," అంది. వాళ్ళు వరండాలోకి వెళ్ళి తలుపు మూసుకున్నారు. అక్కాచెల్లెళ్ళ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. పిల్లాడు మాత్రం వేళకి లేచి ఐస్‌క్రీం అడిగాడు. ఈ ఆసుపత్రికే వచ్చాడు కాబట్టి సరిపోయింది. ఒంగోలుకో తెనాలికో వెళ్ళుంటే?

తర్వాత నా ఒళ్ళు చీలింది. నా కొక్కేనికి తెల్లటి ప్లాస్టిక్ సంచి వచ్చింది. నేను బజారు మొగలో పాతసామాన్ల దుకాణంలో, అడుగూడిన కుక్కర్ల మధ్య పడి ఉన్నాను.

ఎండ తగ్గాక బట్టల కొట్ల షట్టర్లు ఒక్కొక్కటే లేస్తాయి. డాక్టరమ్మ అందరినీ అడిగే ఆ ప్రశ్న విశ్వనాథంగారిని ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం కొట్టు తీసే వేళకి లేస్తానా అని అడిగాడు. షట్టరు చప్పుడైన ప్రతిసారీ ఉబ్బబోతాను. చీలికలోంచి గాలి పోతుంది.