గోడలోంచి వచ్చే జనం

పొద్దున తొమ్మిదిన్నరకల్లా మెకానిక్కమ్మ బల్ల తుడుచుకుని, దీపం మెడ వంచుకుని, స్క్రూడ్రైవర్లను చిన్నదాని పక్కన పెద్దది వచ్చేలా పేర్చుకునేది. ఆ సర్వీసు సెంటర్లో కిటికీ పక్కనున్న బల్ల ఒక్కటే. ఇరవై ఆరేళ్లుగా అది ఆవిడదే. మిగతావాళ్లు ట్యూబులైటు కింద కళ్లు చికిలించుకుంటూ పని చేసుకోవలసిందే.

నెట్‌వర్కు కెమెరా అంటే గోడకు తగిలించిన కన్ను అనుకుంటాం గాని, విప్పి చూస్తే అందులో ఓ చిన్న సంసారమే ఉంటుంది. పైన బోర్లించిన గిన్నెలాంటి మూత. దాని అంచున తేమ దూరకుండా రబ్బరు చుట్టు. లోపల లెన్సు. లెన్సు వెనకాల గోరంత అద్దం ముక్క, దాన్ని సెన్సరు అంటారు. నిజానికి చూసేది అదే. అది చూసినదాన్ని కాగితంలా పల్చటి రిబ్బను తీగ బోర్డుకు మోసుకెళ్తుంది. బోర్డు నుంచి బయటికి ఒక్కటే వైరు. కరెంటు లోపలికి వచ్చేదీ, బొమ్మ బయటికి వెళ్లేదీ అందులోంచే.

ఆ గోరంత అద్దాన్ని మాత్రం నోటి ఆవిరి పట్టించి చేత్తో తుడవకూడదు. తుడిస్తే, తుడిచినవాళ్ల చూపు దానికి అంటుకుంటుంది. అందుకే అందరూ గాలిబుడ్డి నొక్కి దుమ్ము ఊదేస్తారు. ఆ మధ్య కొత్తగా పెళ్లైన ఒకాయన మరిచిపోయి ఓ బ్యాంకు కెమెరాలో అలా తుడిచేస్తే, ఆ బ్యాంకులో నెల రోజుల పాటు క్యూలో నిలబడ్డ ప్రతి ఆడమనిషీ ఆయన భార్యలాగే కనబడింది. బ్యాంకువాళ్లు ఫిర్యాదు రాసి పంపారు, వీళ్లు వేరే సెన్సరు వేసి పంపారు, అంతే.

మెకానిక్కమ్మ మాత్రం ఆవిరి పట్టించే తుడిచేది. గాలిబుడ్డి దుమ్మును ఈ మూల నుంచి ఆ మూలకు తోలుతుందే గాని తీసేయదని ఆవిడ వాదన. ఎవరూ వద్దనలేదు. ఆవిడ చూపు అంత పదును. వీధి చివర పోయే బండి నంబరు ఆవిడ తుడిచిన కెమెరాలో చదువుకోవచ్చు. "ఆవిడ చేతే తుడిపించండి" అని అడిగి మరీ ఇచ్చి వెళ్లేవాళ్లు.

అలాంటిది ఒక్క నెలలో ఐదు కెమెరాలు వెనక్కి వచ్చాయి. బట్టల కొట్టాయనదైతే ఇది మూడోసారి.

"నా కొట్లో జనం గోడలోంచి వస్తున్నారమ్మా!" అంటూ ఆయన కెమెరాను బల్ల మీద పెట్టాడు. పెట్టడమేమిటి, పడేశాడు. "ఎడమ పక్క తలుపుండాలా? లేదు. ఉత్త గోడ. ముందు ఓ కాలు వస్తుంది, తర్వాత సంచి, ఆ తర్వాత మనిషి. మొన్న మా మామగారు అలా వస్తుంటే హడలిపోయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను."

"మామగారొస్తే లేచి నిలబడటం మంచిదేగా అండీ," అంది పక్క బల్ల దగ్గరి కళ్లజోడమ్మాయి.

"నువ్వు ఊరుకో," అంది మెకానిక్కమ్మ. ఆయన వైపు తిరిగి, "బొమ్మ మసగ్గా ఉందా?"

"మసకా! చీర అంచులో జరీపోగులు లెక్కపెట్టొచ్చు. తలుపే లేదు."

"మసక లేదంటే తుడవడంలో తప్పు లేదు. లోపల ఇంకేదో ఉంది."

ఆ ఇంకేదో ఏమిటో తెలియకే ఆవిడకు తిక్క రేగుతోంది. మొదటిసారి లెన్సు మార్చింది. రెండోసారి రిబ్బను తీగ, దాంతోపాటు బోర్డు. ఈసారి సెన్సరే తీసేసి కొత్తది వేసింది. ఏది వేసినా చివర్లో అలవాటుగా హా అని ఆవిరి పట్టించి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచేది. బల్ల మీద పరీక్షిస్తే అంతా అద్దంలా ఉండేది. ఆ బల్ల దగ్గర కెమెరాకు ఎడమ పక్కన ఉన్నది ఎటూ గోడే కాబట్టి, ఏదో తగ్గిందని అక్కడ ఎవరికీ తట్టలేదు.

గురువారం మేనేజరు వచ్చి, ఆవిడ మొహం చూడకుండా కిటికీని చూస్తూ చెప్పాడు.

"శనివారంలోగా తేలకపోతే మీరు ప్యాకింగుకు మారాలండీ. పైవాళ్ల మాట. ఈ బల్ల ఇంకొకరికిస్తారు."

"అట్టపెట్టెలకు టేపు అంటించమంటావా నన్ను?"

"నేననడం లేదండీ, పైవాళ్లు..."

"పైవాళ్లను ఒకసారి కిందికి రమ్మను. వాళ్ల కళ్లద్దాలు కూడా తుడిచిపెడతాను."

శుక్రవారం కళ్లజోడమ్మాయిని వెంటబెట్టుకుని ఆవిడే స్వయంగా కొట్టుకు వెళ్లింది. లోపలికి వెళ్తూ తలుపు రెక్కకు భుజం కొట్టుకుని, "దీన్నిక్కడ ఎవడు పెట్టాడు" అని విసుక్కుంది. నిచ్చెనెక్కి కెమెరా బిగించింది. దిగి తెర చూసింది.

"చూడండి, ఎంత బాగుందో."

"తలుపేది?" అన్నాడు కొట్టాయన.

"ఏ తలుపు?"

"ఇందాక మీరు వచ్చిన తలుపమ్మా!"

"బొమ్మ నిండుగా ఉంది కదయ్యా! ఎక్కడైనా చిరుగుందా, చిల్లుందా? నీకేం కావాలో అది చెప్పు!" ఆవిడ గొంతు కొట్టంతా వినిపించింది. చీరలు చూస్తున్న ఇద్దరు తలలెత్తారు.

కళ్లజోడమ్మాయి తెర చూసింది. తలుపు చూసింది. తర్వాత మెకానిక్కమ్మను చూసింది, కాస్త ఎక్కువసేపే. నిచ్చెనెక్కి, మూత తీసి, లెన్సు తిప్పి ఊడదీసి, సెన్సరు మీద హా అని ఊది తుడిచేసింది.

తెర మీద జరీపోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. తలుపు మాత్రం వచ్చేసింది.

"నా పనిలో వేలు పెడతావా? అదీ కొట్టాయన ముందు!"

"పిన్నీ, అరవకు," అంది ఆ పిల్ల నిచ్చెన దిగి వచ్చి. "నేనెక్కడున్నాను?"

"నా ఎడమ పక్కన. చెవులు బానే పనిచేస్తున్నాయి నాకు."

"అటు తిరక్కుండా చెప్పు. నా చేతిలో ఏముంది?"

మెకానిక్కమ్మకు అటు పక్క ఉత్త గోడే కనబడింది. తల తిప్పి చూస్తే, అడుగు దూరంలో, ఆవిడ చెవి దగ్గరే, ఆ పిల్ల కొట్టాయన గజంబద్దను నిటారుగా పట్టుకుని నిలబడి ఉంది.

"మసగ్గా లేదే..." అంది ఆవిడ నెమ్మదిగా. "మసగ్గా ఉంటే నాకు తెలిసేది కదే."

సాయంత్రం కళ్ల డాక్టరమ్మ ఆవిడను ఒక గిన్నెలాంటి యంత్రంలోకి చూడమని, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమంది. ఆవిడ ఒక్కటీ వదల్లేదనుకుంది. కాగితం బయటికొస్తే ఎడమ పక్కంతా నల్లగా ఉంది.

"నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి తినేస్తుంది," అంది డాక్టరమ్మ. "నొప్పి ఉండదు, మసక ఉండదు. లేనిచోట ఏదో ఒకటి ఉన్నట్టు మనసే నింపేసుకుంటుంది. మామూలుగా అంతా పోయాకే వస్తారు నా దగ్గరికి. మీరెలా కనిపెట్టారు?"

"నేను కాదు, కెమెరా."

డాక్టరమ్మ తలూపి, పంపినవారు అన్న గడిలో 'కెమెరా' అని రాసుకుంది. "పోయింది తిరిగి రాదు. రోజూ మందు చుక్కలు వేసుకుంటే ఉన్నది ఉంటుంది. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని."

శనివారం పొద్దున మేనేజరు చేతిలో బదిలీ కాగితం పట్టుకుని వచ్చాడు.

"లోపం తేలిందా అండీ?"

"తేలింది. కెమెరాల్లో లేదు, నాలో ఉంది. ఆ ఐదూ మళ్లీ తెప్పించు. విప్పడం, బిగించడం, రిబ్బను అతికించడం, వీటికి ఎదురుగా కనబడితే చాలు. అవి నేను చేస్తాను. తుడవను."

మేనేజరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, ఐదు కెమెరాల కోసం ఫోను చేయడానికి వెళ్లాడు.

మధ్యాహ్నానికి మొదటిది వచ్చింది. ఆవిడ మూత తీసింది, రబ్బరు చుట్టు తప్పించింది, లెన్సు ఊడదీసి పక్కన పెట్టింది. గోరంత అద్దం కిటికీ వెలుగులో తళుక్కుమంది. ఎప్పటిలాగే మొహం దాని దగ్గరికి వంగింది. బుగ్గల్లో ఊపిరి నిండింది.

అలాగే ఆగిపోయింది. తర్వాత మొహం పక్కకు తిప్పి ఆ ఊపిరి వదిలేసింది.

"ఏమేవ్, ఇలా రా," అని పిలిచింది కళ్లజోడమ్మాయిని. ఇరవై ఆరేళ్లలో ఆ బల్ల దగ్గరికి ఎవరినీ పిలవలేదు ఆవిడ. "తుడువు. గుండ్రంగా, గుండ్రంగా. అబ్బ, గిన్నె తోముతున్నావా? మెల్లగా!"