నెమరు వేయని దూడ

నేను ఒక అడ్డకర్రను. పశువుల సాల గుమ్మానికి అటొకటి, ఇటొకటి గుంజలుంటాయి. ఆ రెండు గుంజలకూ చిల్లులు తొలిచి, ఒక చిల్లులోంచి ఇంకో చిల్లులోకి నన్ను దూర్చారు. నా వెనక నడుము ఎత్తు వెదురు తడిక ఉంది. నేను అడ్డంగా ఉన్నంతసేపూ అది కదలదు. నన్ను పక్కకు లాగితే లోపలివాళ్లకు దారి దొరుకుతుంది. నాకు మాత్రం అప్పుడు కూడా ఒక చివర చిల్లులోనే ఉంటుంది.

నన్ను మద్దికొమ్మ నుంచి చెక్కినవాడు చిలకమ్మ పెనిమిటి. ఆయన పోయాక సాల, నేను, ఆవులు అందరం చిలకమ్మ సొత్తే అయ్యాం. ఆమె నా మీద మోచేతులు ఆనించి ఆవుల్ని చూస్తూ ఉండేది. అవి పడుకుని నెమరు వేస్తుంటే ఆమెకు నిశ్చింత. ఏ ఆవైనా నెమరు మానిందంటే మేత కట్టేసేది. అల్లం, వాము, మిరియాలు నూరి కషాయం కాచి, వెదురు గొట్టంతో గొంతులో పోసేది. మళ్లీ దవడ ఆడేదాకా గడ్డిపరక కూడా వేసేది కాదు. అలా ఆమె చాలా ఆవుల్ని బతికించింది. నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా ఊరు కొండ మీద ఉంది. బండి రాదు. పండిన పసుపూ ఏరుకొచ్చిన పిప్పళ్లూ చిలకమ్మ నెత్తి మీదే కింద సంతకు దిగేవి. మోసి మోసి ఆమె మెడ ఒక పక్కకు తిరగడం మానేసింది. అది చూసి ఆమె కొడుకు బొంజన్న ఎక్కడినుంచో ఒక గుర్రప్పిల్లను తోలుకొచ్చాడు. ఈ ఊరికి గుర్రం రావడం అదే మొదలు. “ఎదిగితే ఇదే మోస్తాదమ్మా, నీ మెడకి సుకం” అని చెప్పి, దాన్ని నా వెనక పెట్టి, రోడ్డు పనికి దిగిపోయాడు. మనుషుల ప్రేమ ఇలాగే ఉంటుంది. తెచ్చి ఇచ్చి వెళ్లిపోతారు. ఏం పెట్టాలో చెప్పరు.

అప్పుడే తల్లిపాలు మాన్పించిన పిల్ల అది. ఇటికరంగు ఒళ్లు, నిక్కబొడుచుకున్న జూలు. తడిక మీదుగా మెడ చాచి, కొండ దిగే దారివైపు చూసి సకిలించేది. బొంజన్న కూతురు సుమిత్ర లేతగడ్డి కోసుకొచ్చి, మట్టి దులిపి, గుప్పెడు గుప్పెడు నోటికి అందించేది. తాగే నీళ్లలో నలకపడితే పారబోసి మళ్లీ తెచ్చేది. సుమిత్ర ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. గుర్రప్పిల్లతో మాత్రం ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. కొన్నాళ్లకు అది సకిలించడం తగ్గించి మేతలో పడింది.

చిలకమ్మ మాత్రం దాని దవడ వైపే చూస్తూ ఉంది.

“దూడ నెమరెయ్యట్నేదే గుంటా.”

“అది దూడ కాదు నానమ్మా, గుర్రప్పిల్ల.”

“పాలు మానినాక ఏదైనా దూడే. నాలుగు కాళ్లున్నాయి, తోకుంది, గడ్డి తింటాది. ఇంకేటి కావాలి?”

నాకూ ఆమె మాటే సబబుగా తోచింది. నాకు తెలిసినవి ఆవులే కదా.

మేత ఆగిపోయింది. సుమిత్ర తెచ్చిన గడ్డిని చిలకమ్మ ఆవులకు వేసేసింది. తడిక మీదుగా గుర్రప్పిల్ల తల పైకెత్తి పట్టుకుని గొట్టంతో కషాయం పోసింది. అది ఉక్కిరిబిక్కిరై, ఘాటుకు కళ్లనీళ్లు పెట్టుకుంది. దానితోపాటు చిలకమ్మా ఏడ్చింది. తనూ సరిగా తినడం మానేసింది. “నోరులేనిది పస్తుంటే నాకు ముద్దెలా దిగుతాది” అనేది. ఆమె చెడ్డదైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆకలికి గుర్రప్పిల్ల నన్ను కొరకడం మొదలుపెట్టింది. నా నడుం దగ్గర చెక్క పీచులుగా లేచింది. నేను మేతనైతే బాగుండేదనిపించింది.

“కర్ర కొరుకుతాంది సూడు. రోగం తలకెక్కినాది” అని చిలకమ్మ కషాయంలో మిరియాలు పెంచింది.

అదే సమయంలో ముసురు పట్టింది. వాన ఆగలేదు. తడిసి తడిసి నేను ఉబ్బాను. ముసురులో ఆవుల్నీ బయటికి తోలలేదు, నన్ను లాగే పని ఎవరికీ పడలేదు. గుంజల చిల్లులు నన్ను బిగించేస్తున్నాయని నాకొక్కదానికే తెలుసు.

సంతరోజున గుర్రప్పిల్ల లేవలేదు. కాళ్లు ముడుచుకుని, మూతి నేలకు ఆనించి పడుకుంది. చిలకమ్మ దాన్ని వదలలేక మనవరాలి నెత్తికి పసుపు మూట ఎత్తి పంపింది. సుమిత్ర తిరిగొచ్చేసరికి మూట నెత్తి మీద అలాగే ఉంది.

“పసుపు అమ్మనేదేటే?”

“మరిసిపోనాను. సంతకి బస్తాలు మోసుకొచ్చిన గుర్రాల కాడే కూకున్నాను నానమ్మా. తిన్నాయి, నిలబడ్డాయి. ఒక్కటీ నెమరెయ్యనేదు.”

“అయితే అన్నింటికీ జబ్బేనేటో.”

“జబ్బు గుర్రాలు బస్తాలు మోసుకుని కొండెక్కుతాయేటి?”

చిలకమ్మ నా మీదికి వంగి గుర్రప్పిల్ల దవడ వైపు చూసింది.

“మరి తిన్నదాన్ని ఏటి సేస్తాది? ఒక్కసారి నమిలి మింగేస్తాదా?”

“మనం మింగెయ్యట్నేదా నానమ్మా?”

ఆ మాటతో చిలకమ్మ నన్ను పట్టుకుని లాగింది. నేను రాలేదు. కాలు గుంజకు తన్నిపెట్టి లాగింది. రావాలని నాకెంత ఉన్నా చిల్లులు వదల్లేదు. సుమిత్ర గడ్డి ఒళ్లో పోసుకుని తడిక ఎక్కి లోపలికి దూకింది. పిల్ల మూతిని ఒళ్లోకి తీసుకుని, గడ్డి తడి చేసి పెదాల మధ్య పెట్టింది. పెదవి కదల్లేదు. మళ్లీ పెట్టింది. మూడోసారి ఒక పరక లోపలికి వెళ్లింది.

“నానమ్మా, తింటాంది. బయటికి తియ్యాలి, ఇక్కడంతా బురద.”

చిలకమ్మ గొడ్డలి తెచ్చింది. పిల్ల కొరికిన చోట నేను అప్పటికే సన్నబడి ఉన్నాను. రెండు దెబ్బలు చాలాయి. నా ఇంకో పక్కన మరికొన్ని దెబ్బలు వేసి నడుం ముక్కను విడదీసింది. మొగుడు చెక్కిన కర్ర అని ఒక్క క్షణమైనా ఆగలేదు. అందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. తడిక పక్కకు లాగి, ఇద్దరూ పొట్ట కింద చేతులు వేసి పిల్లను లేపారు. అది తూలుతూ గడప దాటింది. అరుగు మీది పొడిచోట నిలబడి, చిలకమ్మ చేతిలోని గడ్డికి మెడ చాచింది. ఒక్కసారే ఎక్కువ పెట్టకుండా ఆమె కొంచెం కొంచెంగా అందించింది.

“తిను తల్లీ. నెమరెయ్యకపోతే ఎయ్యకు” అంది.

నా నడుం ముక్కను ఆరబెట్టి, మర్నాడు పొయ్యిలో పెట్టారు. ఆ మంట మీద ఉలవలు ఉడికాయి. చల్లారాక మెత్తగా మెదిపి, తవుడు, ఉప్పు కలిపి పిల్లకు పెట్టారు. ఉప్పు సరిపోయిందో లేదో చిలకమ్మ ముందు తన నాలిక మీద వేసుకుని చూసింది. ఆ రోజు ఆమె కూడా కడుపునిండా తింది.

నా రెండు చివరలు మాత్రం చిల్లుల్లోనే ఉండిపోయాయి. సుత్తిరాయితో కొట్టి చూశారు, రాలేదు. వేసవిలో ఎండి వదులవుతానేమో తెలియదు. ఈ గుంజలో సగం, ఆ గుంజలో సగం. రెండింటి మధ్యా ఖాళీ ఉంది. అక్కడ ఉండేదాన్ని నేనే. పొద్దున్నే గుర్రప్పిల్ల అందులోంచి బయటికి నడిచి వెళ్తుంది.