కొండపొదకి దాహం

దర్జీ ఆవిడ పొద్దున్నే మిషను ముందు కూర్చునేలోపు, పెరటి మడిలోని కొండపొదకి రెండు చెంబుల నీళ్ళు పోసేది. కూతురు పుట్టిన రోజున నాటిన మొక్క అది. ఏపుగా పెరిగిందే కానీ ఒక్కసారీ పూయలేదు. పిల్లకి జ్వరమొస్తే దాని ఆకులు వేడెక్కేవి. దగ్గొస్తే గాలి లేకపోయినా కొమ్మలు ఊగేవి. డాక్టరు సైతం ముందు పెరట్లోకెళ్ళి ఆకు పట్టుకు చూసి, తర్వాతే పిల్ల చెయ్యి పట్టుకునేవాడు.

ఇప్పుడా పిల్లకి ఇరవై రెండేళ్ళు. కొండప్రాంతంలో రోడ్ల సర్వే ఉద్యోగం వచ్చింది. కాగితం అందిన రోజు నుంచి తల్లికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. తండ్రి లేని ఒక్కగానొక్క పిల్లాయె! రెండు చెంబులు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి, పైన తట్టెడు ఎరువు. వారం తిరక్కుండానే ఆకులు పండి రాలాయి. పిల్ల పాదాలు ఉబ్బి, ఆయాసంతో మంచమెక్కింది. ఉద్యోగంలో చేరడానికి ఇక పదకొండు రోజులే గడువు.

"ఇది నా చేతిలో లేదమ్మా, నర్సరీ ఆయన్ని పిలవండి" అన్నాడు డాక్టరు, ఆకు చూసి.

నర్సరీ ముసలాయన మడిలో చెయ్యి పెట్టి, మట్టి తీసి వాసన చూశాడు.

"రోజుకెన్ని పోస్తున్నావమ్మా?"

"ఎనిమిది చెంబులు బాబాయ్. ఇంకో రెండు పొయ్యనా?"

"చంపేస్తావా ఏంటి! వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. రాళ్ళ సందున పుట్టిన మొక్క, దీనికి దాహం అలవాటు. పది రోజులు దీని జోలికి రాకు."

ఆవిడకి ఒళ్ళు మండింది. కన్నతల్లికి నేర్పడానికొచ్చాడు!

కిటికీలోంచి కూతురు అంది, "ఆయన మాట వినమ్మా. నాకు ఊపిరాడట్లేదు."

తల్లి చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

ఆ పది రోజులూ నరకమే. మడి బీటలు తీసింది, పిల్ల పెదాలు పగిలాయి. తల్లి చెంబు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. ఎవరి చొక్కాకో రెండూ కుడి చేతులే కుట్టింది.

పదకొండో రోజు పొద్దున పిల్ల గోడ పట్టుకోకుండా లేచి, బూట్ల తాళ్ళు తనే కట్టుకుంది. పెరట్లో పొద నిండా తెల్లటి పూలు.

"వెళ్ళొస్తానమ్మా."

"స్వెట్టరు..." అని, మిగతా మాట మింగేసింది తల్లి. "వెళ్ళిరా తల్లీ."

మర్నాడు అలవాటు కొద్దీ చెంబు నింపుకుని మడి దగ్గరికి వెళ్ళి, పొయ్యబోయి ఆగింది. ఆ నీళ్ళు ఏం చెయ్యాలో తోచక తనే గటగటా తాగేసింది. ఇన్నేళ్ళుగా తనకీ దాహం వేస్తోందని అప్పుడే తెలిసింది. లోపలికెళ్ళి ఇంకో చెంబు ముంచుకుంది.