యజమాని పేరు

పొయ్యి మీద పొంగిన పాలు తుడుస్తుంటే భర్త ఫోను తెచ్చి ఆమె ముఖానికెదురుగా పెట్టాడు. ఖాళీ లేదట, ఇక ఒక్క ఫోటో కూడా పట్టదట. "అందరి ఫోటోలూ ఆన్‌లైన్లో ఒకచోట పెట్టుకునే సర్వీసేదో చూసిపెట్టు. నీకు ఫోటోల పని అలవాటేగా," అన్నాడు. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పెళ్లయిన కొత్తలో ఈ మాటకి నవ్వేది. ఇప్పుడు నవ్వూ రాలేదు, పోట్లాడే ఓపికా లేదు. గుడ్డ పిండి పక్కన పడేసి ఫోను అందుకుంది.

చూసిపెట్టడమంటే మాటలా? అత్తగారికి అంతా తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాల్లో కనపడాలి, కానీ ఆవిడ ముఖం పరాయివాళ్ల కంట పడకూడదు. ఆడపడుచుకేమో తన పిల్ల బోసినవ్వు లోకమంతా చూడాలి. భర్తకి ఉచితంగా రావాలి. ఆమెకేం కావాలో ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఆ సర్వీసుల్ని వెతికింది. ఒకటి ఫోటోలు మసకబారుస్తుంది, ఒకటి ప్రకటనలతో ప్రాణం తీస్తుంది, ఇంకొకటి అన్నీ బాగానే ఉన్నాయనుకునేలోపు తెలుగు రాదంటుంది. "ఊపిరి బిగబట్టండి... ఇక వదలండి," అని రోజంతా అదే గొంతుతో చెబుతూనే, మనసు మాత్రం ఒక్కచోట నిలవడం లేదు. తలుపులోంచి తొంగిచూసిన డాక్టరు, "ఏంటమ్మా, షాపింగా? కాస్త టీ చెప్పు," అన్నాడు. ఆమె తీసిన ఎక్స్‌రేల కింద సంతకం ఆయనది.

ఆమె ఫోనులో వేరే ఫోటోలున్నాయి. మెట్ల మీద సాయంత్రపు ఎండ. ఎక్స్‌రే గదిలో ఎవరో మర్చిపోయిన శాలువా. దండెం మీద తడి చొక్కాల వెనక ఆకాశం. "మనుషుల్లేని ఫోటోలేంటమ్మాయ్, దిగులుగా," అనేది అత్తగారు. అవి చూస్తున్నంతసేపే ఆమెకి తనతో తాను కూర్చున్నట్టుండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

చివరికి ఒకటి కుదిరింది. అత్తగారి కోసం భాష తెలుగు పెట్టగానే మొదటి గడి అడిగింది: యజమాని పేరు? ఆమె వేళ్లు క్షణం కూడా ఆగలేదు, భర్త పేరు కొట్టేశాయి. ఈ ఇంట్లో యజమాని అంటే ఇంకెవరు మరి! ఫోటోలన్నీ, తనవి కూడా, అందులోకెక్కించి ఫోన్లు ఖాళీ చేశాక గానీ కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవలేదు. తీసేసే హక్కు యజమానిదే. తక్కినవాళ్లు సభ్యులు, చూసుకోవచ్చు, ఎక్కించవచ్చు, అంతే. మార్చమని అడిగితే అతను పేపరులోంచి తలెత్తకుండా, "ఎవరి పేరుంటే ఏంటి? చేసేది నువ్వేగా," అన్నాడు.

మర్నాటి పొద్దున చూస్తే మెట్లు లేవు, శాలువా లేదు, ఆకాశమూ లేదు. మళ్లీ నిండిపోయేలా ఉందట, అందుకని చెత్త తీసేశాడట. ఆ మాటా తప్పు చేసినట్టు అనలేదు, ఇల్లూడ్చి పెట్టినట్టు అన్నాడు. ఆమె వెనక్కి తెమ్మంటే, "తర్వాత చూద్దాంలే," అంటూ గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు.

ఎన్ని తర్వాతలు! ఆమె అతని ఫోను తీసుకుని తెరిచి ఉన్న బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడింది, అద్దంలో అతనికి కనపడేలా. సర్వీసులోని చెత్తబుట్టలోంచి తన ఫోటోలన్నీ బయటికి తీసి, ఒక్కోటీ తన ఫోనులోకి పంపుకుంది. నురగ ముఖంతో, "ఏం చేస్తున్నావ్?" అన్నాడు. "నావి నేను తీసుకుంటున్నానండీ," అంది. ఫోను అక్కడే గట్టు మీద పెట్టేసింది.

అంతలో ఆడపడుచు ఫోను. "వదినా, పాప ఫోటోలు రెండుసార్లు పడ్డాయి, ఒకటి తీసెయ్యవా? అమ్మకి తెరవడం కూడా రావడం లేదట."

"నన్నడక్కమ్మా. యజమాని మీ అన్నయ్య," అంది. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే. లోపల అతను గడ్డం గీసుకుంటున్న చప్పుడు ఆగింది.

ఆసుపత్రిలో ఇంకా ఎవరూ రాలేదు. ఎక్స్‌రే గదిలో కూర్చుని అదే సర్వీసులో కొత్త ఖాతా తెరిచింది. యజమాని పేరు? అలవాటుగా కదలబోయిన వేళ్లని ఆపింది. తన పేరులో మొదటి అక్షరం కొట్టి, గుమ్మంలో ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. మిగతా అక్షరాలూ కొట్టింది. గుండెల్లో బరువుగా ఉంటే అప్పుడు తెలిసింది, అప్పటిదాకా తనే ఊపిరి బిగబట్టి ఉందని.

"ఇక వదలండి," అంది పైకే, రోజూ అందరికీ చెప్పే ఆ గొంతుతోనే.