మెదో చుట్టుదారి

జార్కో పొద్దున్నే ఆరింటికి లేస్తాడు. రెండు రొట్టె ముక్కలు కాల్చుకుంటాడు. ఒకటిన్నర తిని, మిగిలిన సగాన్ని బల్ల కిందికి జారవిడుస్తాడు. భార్య నెవెంకా చూడలేదనుకుని టోపీ పెట్టుకుని గనికి వెళ్లిపోతాడు. మళ్లీ మధ్యాహ్నం మూడింటికి వస్తాడు. ఈలోగా ఆమె గుండె కుదురుగా ఉండదు.

ఎలా ఉంటుంది? ఓపల్ అనే రంగురాళ్ల కోసం తవ్వి, మూతైనా పెట్టకుండా వదిలేసిన గోతులు ఊరి చుట్టూ వేలకు వేలున్నాయి. వెనక్కి నడవొద్దని దారి పొడుగునా బోర్డులున్నాయి. ముప్ఫయ్యేళ్లుగా ఆమె ఆ బోర్డులు చూస్తోంది, ముప్ఫయ్యేళ్లుగా భయపడుతోంది. భయపడటం మానేసిన రోజునే ఏదో జరుగుతుందని ఆమె నమ్మకం.

ఆ భయాన్ని కాసేపన్నా మరిచిపోదామనే కంప్యూటర్లో ఆట మొదలుపెట్టింది. అందులో ఆమె వేటగత్తె. దూరంగా నిలబడి బాణాలేస్తుంది. ముందుండి కొట్టేదీ, దెబ్బలు తినేదీ ఆమె మచ్చిక చేసుకున్న ఎలుగుబంటి, మెదో. ఆ ఊళ్లో ఇంటర్నెట్ ఈసురోమంటూ నడుస్తుంది, ఇప్పుడు వేసిన బాణం రెండు క్షణాలాగి బయల్దేరుతుంది. కత్తి పట్టినవాడైతే ఈలోగా చస్తాడు. నెవెంకా మాత్రం మెదోని ముందుకు తోసి, తను వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బతికిపోతుంది.

"అలా బయట నడిచావనుకో, నేరుగా పాతాళమే," అని జార్కో ఎగతాళి చేస్తాడు.

ఆటలోంచి మెదో ఇంట్లోకి వచ్చి నాలుగేళ్లయింది. ఒక చలికాలం పొద్దున లేచి చూస్తే ఫ్రిజ్ ముందు పడుకుని ఉంది. ఆటలో ఎడం చెవి మీద ఎంత గాటుందో ఇక్కడా అంతే. అది మొదటిసారి నెవెంకా వెంట కొట్టుకి వచ్చినప్పుడు, కొట్టు నడిపే ఫొటీని అనే ఆవిడ కాళ్లు తుడుచుకుని లోపలికి రమ్మంది. ఊళ్లో దాని గురించి జరిగిన చర్చ అంతే.

ఈ ఫొటీనియే ఆటలో వాళ్ల జట్టుకి నాయకురాలు. ఐదుగురు, ప్రతి బుధవారం సాయంత్రం, ప్రేతాల కోట. కోటగోడ మీంచి లోపలికి దూకేస్తే సగం దారి కలిసొస్తుంది. కానీ మెదో దూకదు. మెట్లు వెతుక్కుంటూ కోటంతా చుట్టి వస్తుంది, దారిలో ఎదురైన ప్రతి ప్రేతాన్నీ రెచ్చగొట్టి వెంటేసుకుని మరీ వస్తుంది. ఐదుగురూ చస్తారు.

"దూకే ముందు దాన్ని కాసేపు పంపించెయ్యవే తల్లీ! ఒక్క బటనే కదా!" అని ఫొటీని ప్రతి వారం మొత్తుకుంటుంది. నెవెంకా ప్రతి వారం మర్చిపోతుంది. కంగారులో ఆమెకి దూకడమే గుర్తుంటుంది.

మొన్న బుధవారం ఫొటీని తేల్చి చెప్పేసింది. "శనివారం లోపల ఆ ఎలుగుని అడవికి వదిలేసి, ఎగిరేదాన్ని దేన్నన్నా మచ్చిక చేసుకో. లేదంటే నీ చోట్లో వేరేవాళ్లని తీసుకుంటాం."

ఆటలో వదిలేస్తే ఇంట్లోంచి కూడా పోతుంది. అది అందరికీ తెలిసిందే.

"పోతే పోనీ, ఫ్రిజ్ తలుపన్నా తెరుచుకుంటుంది," అన్నాడు జార్కో. ఆ మాట అన్న మర్నాడు అతను రొట్టె ఒక్క ముక్కే తిన్నాడు.

శనివారం గుర్రప్పందాలు. ఊరు ఊరంతా మైదానానికి పోయింది. పాత గని పక్కన కొలతలు తీసుకుని పన్నెండుకల్లా వచ్చేస్తానన్నాడు జార్కో. నెవెంకా కంప్యూటర్ ముందు కూర్చుంది. "నిజంగా వదిలేస్తారా?" అని అడుగుతోంది ఆట. మెదో గడ్డం ఆమె పాదం మీద వెచ్చగా ఉంది. పన్నెండున్నరయింది. ఒంటిగంటయింది. ఏ బటనూ నొక్కకుండానే లేచి, మెదోని కారు వెనక సీట్లో కుక్కి బయల్దేరింది.

జార్కో బండి కనిపించింది. దాని పక్కన కొలిచే టేపు నేల మీద సాగి, సాగి, ఒక గోతి అంచు దాకా వెళ్లి ఆగింది. వెనక్కి నడిచాడు మహానుభావుడు.

లోపల్నుంచి మూలుగు వినిపించింది. అక్కడ ఫోన్ పనిచేయదు. ఊళ్లోకి వెళ్లి మనుషుల్ని పిలుచుకురావాలన్న ఇంగితం ఆమెకి తట్టలేదు. అతని బండిలోంచి తాళ్ల నిచ్చెన తీసి, బండి వెనక కొక్కేనికి తగిలించి, గోతిలోకి దిగిపోయింది. సగం దిగాక కొక్కెం ఊడింది. ఆమె నిచ్చెనతో సహా వచ్చి మట్టిలో పడింది.

జార్కో తొడ కింద మట్టంతా తడిసి ఎర్రగా ఉంది. తలకి కట్టుకున్న రుమాలు విప్పి బిగించి కట్టింది. రక్తం ఆగినట్టే ఆగి మళ్లీ ఉబికింది.

"ఎవరికన్నా చెప్పొచ్చావా?"

"లేదు."

"మంచి పని చేశావు," అన్నాడు. అతని పెదవులు పాలిపోయాయి. "మెదోని వదిలేశావా?"

నెవెంకా తలెత్తింది. పైన గుండ్రటి ఆకాశం, దాని అంచున గాటున్న చెవి. మెదో కిందికి చూసింది. దూకలేదు. కోటగోడ మీద చూసినట్టే ఒకసారి చూసి, వెనుదిరిగి వెళ్లిపోయింది.

"చుట్టుదారిన వస్తుంది," అంది నెవెంకా.

"గోతికి చుట్టుదారేమిటే?"

"దానికా సంగతి తెలీదు."

గాయాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుని కూర్చుంది. జార్కో మాటలు తగ్గిపోయాయి. నిద్రొస్తోందన్నాడు. ఆమె చెంప మీద కొట్టింది, తిట్టింది, పెళ్లినాటి సంగతులన్నీ తవ్వి దెబ్బలాడింది. అతను జవాబివ్వడం మానేశాక ఏడ్చింది. ఇన్నేళ్లు పడ్డ భయం ఎందుకూ పనికి రాలేదు కదా అనిపించింది.

మెదో ఎటు పోయిందో తర్వాత ఎవరికి వారు చెప్పారు. ముందు, పందాలకి పోకుండా చర్చి హాల్లో పేకాడుతున్న ముసలాళ్ల బల్ల తిరగేసింది. అక్కణ్నుంచి మైదానానికి పోయి, మంచి పోటీలో ఉన్న గుర్రాలకి అడ్డంగా పరిగెత్తింది. సాసేజులు కాలుస్తున్న పొయ్యిని తన్నేసింది. పోతూ పోతూ ఫొటీని తెచ్చిన కేకుని నడిమధ్యలో తొక్కింది. తిట్లతో, పొరకలతో, చేతుల్లో పేకముక్కలతో, కార్లెక్కి కొందరూ కాళ్ల మీద కొందరూ ఊరంతా దాని వెంటపడింది. రౌతులు లేని రెండు గుర్రాలు కూడా.

ముందు నేల అదిరింది. తర్వాత గోతి నోటి దగ్గర ఫొటీని మొహం కనిపించింది, చెమటతో, కోపంతో, జుట్టంతా క్రీముతో.

"నెవెంకా! దూకే ముందు దాన్ని పంపించెయ్యమని నీకు ఎన్నిసార్లు..."

అప్పుడు ఆమెకి జార్కో కనిపించాడు.

వెంటపడ్డవాళ్లలో నర్సు ఉంది, తాళ్లున్నవాళ్లున్నారు, గోతుల్లోంచి మనుషుల్ని లాగడం తెలిసినవాళ్లు పది మంది దాకా ఉన్నారు. ఇంకో పావుగంట గడిస్తే దక్కేవాడు కాదంది నర్సు.

బుధవారం సాయంత్రం ఐదుగురూ కోటగోడ మీద నిలబడ్డారు. కట్టు వేసిన కాలు కుర్చీ మీద చాపుకుని జార్కో పక్కనే ఉన్నాడు. నెవెంకా ఈసారి మర్చిపోలేదు. మెదోని పంపించే బటన్ మీద వేలు పెట్టి ఆగింది.

"దాన్నెక్కడికి పంపుతావు?" అంది ఫొటీని. "పదండి, అందరం మెట్ల మీదుగానే పోదాం."

ఆ పూటా ఐదుగురూ చచ్చారు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. జార్కో తన రొట్టె ముక్కని ఈసారి బల్ల మీంచే, అందరికీ కనిపించేలా, మొత్తంగా మెదోకి అందించాడు.