ఎడమ చెవి చీలిక

మా ఆయన శాంతయ్య కర్నూలులో హైస్కూలు సైన్సు మాస్టరు. మద్రాసులో జంతుశాస్త్రం ఇద్దరం చదివాం. మార్కులు నాకే ఎక్కువ వచ్చాయి. పెళ్ళయ్యాక ఆయన జింకలను చూస్తారు, నేను ఆయన రాతను శుభ్రంగా తిరగరాస్తాను.

1938 ఎండాకాలానికి వ్యాసం సిద్ధమైంది. ఊరవతల పెద్ద కాలువ తవ్వి డెబ్బై ఏళ్ళయింది. నీళ్ళు దాటలేక జింకల మంద రెండుగా విడిపోయిందని, తూర్పు మందలో చెవి అంచున ఒక చీలిక తల్లి నుంచి పిల్లకు పుట్టుకతోనే వస్తోందని, పడమటి మందలో అది ఒక్కదానికీ లేదని ఆయన వాదం. మంగళవారం టపాలో బొంబాయి పత్రికకు పంపాలి.

తిరగరాస్తూ చివరి పుటకు వచ్చాను. "ఏ పిల్లకు ఏది తల్లో చూపించిన గొర్రెల కాపరి సుంకమ్మకు కృతజ్ఞతలు." అంతే. నా పేరు లేదు.

రెండేళ్ళుగా మా ఇంట్లో రోజూ సుంకమ్మ పేరే. "అవి కళ్ళు కాదు, దుర్భిణీ!" అనేవారు. నేను కెలికిన సంగటి తింటూ "సుంకమ్మ సంగటి ఇంకా గట్టిగా ఉంటాది" అన్నారొకసారి. ఆ పూట నేను తినలేదు.

అక్కసుతో ఆయన నోటుపుస్తకాలన్నీ తిరగేశాను, తప్పు దొరక్కపోతుందా అని. దొరికింది. చీలిక ప్రతిదానికీ ఎడమ చెవికే; పుట్టుకతో వచ్చేదైతే కొన్నిటికైనా కుడి చెవికి ఉండాలి కదా. పుట్టిన రెండో రోజు చూసిన ఒక పిల్లకు చీలిక లేదని రాసి, సరిగా కనబడలేదేమోనని ఆయనే కొట్టేశారు.

మరునాడు ఆయన బడికి పోగానే కాలువ గట్టుకు నడిచాను. సుంకమ్మ యాభై ఏళ్ళ మనిషి, భుజాన గొంగడి. ఆమె గొర్రెలన్నిటికీ ఎడమ చెవి అంచున అదే చీలిక.

"జింకలకూ నువ్వే కోసినావా?"

"ఇంకెవురు కోస్తారమ్మా? పిల్లను గడ్డిలో పండబెట్టి తల్లి మేతకు పోతాదే, అప్పుడు. చేతులకు మన్ను రుద్దుకోని పట్టుకుంటా. మనిషి వాసనొస్తే తల్లి దగ్గరికి రానీదు."

"ఎందుకు కొయ్యడం?"

"జింకలకు వలలేసేటోళ్ళు మా గుర్తు చూస్తే ఇడిచిపెడతారు. ఒకరి మందను ముట్టరు. తల్లికి కోసింటే దాని పిల్లకీ కోస్తా. ఆపక్క గట్టు మా మేత కాదు, ఆడ కొయ్యను."

"అయ్యవారికి చెప్పలేదేం?"

"అడిగితే గదా! చెవులు చూసి శానా మురిసిపోతాండె. మురవనీలే అనుకుంటి. అయినా రెండేండ్లకు నువ్వు యాడనుంచి ఊడిపడితివమ్మా?"

ఇంటికి వచ్చి ఆలోచించాను. మంగళవారం దాకా నోరు మూసుకుంటే చాలు. పత్రికవాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వుతో సుంకమ్మ పేరు మా ఇంట్లోంచి పోతుంది. కలం పట్టి చివరి పుటలో నాలుగు వాక్యాలు తిరగరాశాను. చీలిక పుట్టుకతోనే వస్తోందన్న ఐదో వాక్యం, తప్పని తెలిశాక, నా చేతికి రాలేదు.

సాయంత్రం ఆయనకు చెప్పేశాను. సుంకమ్మ మీద మండిపడతారనుకున్నాను. ఆయన పెద్దగా నవ్వారు.

"ఏసుమణీ, తల్లీ పిల్లా తెలిసిన మంద మన చేతిలో ఉండాది! గుర్తున్న జింక ఒక్కటి పడమటి గట్టున కనబడితే, కాలువ దాటుతున్నట్టే. ఇంత సదుపాయం ఎవరికుండాది? ఆ సుంకమ్మ మామూలు మనిషి కాదు!"

నాకు ఒళ్ళు మండింది. పడగొట్టాలనుకున్న మనిషిని నా చేతులతోనే ఇంకో మెట్టు ఎక్కించాను.

"మళ్ళీ రాద్దాం. సుంకమ్మ చెప్పిందని మొదటి పుటలోనే పెడదాం" అన్నారు.

"చెప్పింది ఆమె. అడిగిందెవరు?"

ఆయన తలెత్తి చూశారు. "నువ్వు."

"మీరు కొట్టేసిన వాక్యం పట్టుకున్నదెవరు?"

"నువ్వేలేమ్మా."

ఆయన ఇంకేదో అనబోయేలోగా కొత్త కాగితం తీసుకున్నాను. పైన శాంతయ్య అని రాసి, పక్కనే అంతే పెద్ద అక్షరాలతో ఏసుమణి అని రాశాను. సుంకమ్మ పేరు ఎక్కడ పెట్టాలా అని కాసేపు కలం ఆపాను. కృతజ్ఞతల్లోనే ఉంచాను. ఆమెకు అంతకన్నా ఎక్కువే రావాలని నాకు తెలుసు.